రిజిస్టరులో నలభై ఒకటో పేజీ

కరుణాకుమారి ఇచ్చి వెళ్లిన పెన్ డ్రైవ్‌ను తెరిచి చూశాను. అందులో పదకొండు ఫైళ్లున్నాయి. పదకొండూ ఒక్కో కేబీ.

ఐదేళ్ల పీహెచ్‌డీ ఒక్కో కేబీ ఉండదు. పెళ్లి శుభలేఖ కూడా అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఈ పని తెలిసినవాళ్లకు ఈపాటికే విషయం అర్థమై ఉంటుంది. తెలియనివాళ్లకు చెబుతాను. ఆ అమ్మాయి కాపీ చేసుకున్నది ఫైళ్లను కాదు, వాటిని తెరవడానికి తెర మీద పెట్టుకున్న షార్ట్‌కట్ బొమ్మలను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా లోపలే వదిలేసి, ఆ ఇంటి అడ్రసు రాసిన చీటీని మాత్రం భద్రంగా తీసుకెళ్లినట్టు. ఆ ఇంటిని గంట కిందట నేనే ఖాళీ చేసి పారేశాను. ఆమె సిస్టమ్‌లో వైరస్ రెండు డ్రైవుల్లోనూ ఉందని సి డ్రైవూ, డి డ్రైవూ రెండూ ఫార్మాట్ కొట్టి, కొత్త విండోస్ ఎక్కించి, పాటలు వింటూ టీ కూడా తాగాను.

మాది కోట ఊరు దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీదున్న యూనివర్సిటీ. కంప్యూటర్ సెంటర్‌లో నేను సిస్టమ్ అసిస్టెంటుని. ఏడేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, పాస్‌వర్డు మరిచిపోయినా, ఉప్పుగాలికి బోర్డు తుప్పు పట్టినా, ఆఖరికి ప్లగ్గు పెట్టడం మరిచిపోయినా, ప్రొఫెసర్ల దగ్గర్నుంచి ఫస్టియర్ పిల్లల దాకా అందరూ గుల్నాజ్‌కే ఫోన్ చేస్తారు. గుల్నాజ్‌కి నోరెక్కువని కూడా అందరికీ తెలుసు.

నాకంటే ముందు ఈ కుర్చీలో యాసీనన్న ఉండేవాడు. ఒక మేడం గారి ఫైళ్లు పోయాయి. ఎవరి వల్ల పోయాయో ఎవరూ తేల్చలేదు. కంప్యూటర్ సెంటర్ పొరపాటని ఆమె ఒక్క కాగితం రాసిచ్చింది, మర్నాటి నుంచి అన్న రాలేదు. ఇప్పుడు చిల్లకూరు దగ్గర హైవే పక్కన లారీల వెనకాల పేర్లు రాస్తున్నాడు. అది చూసి భయపడి నేను పెట్టుకున్నదే ఈ రిజిస్టరు. ఎంత పెద్దవాళ్లైనా సరే, "నా ఫైళ్లన్నీ నేను కాపీ చేసుకున్నాను, ఫార్మాట్ చేయవచ్చు" అని సొంత చేత్తో రాసి సంతకం పెట్టందే వాళ్ల సిస్టమ్ ముట్టను. డీన్ గారి చేత కూడా రాయించాను.

నలభై ఒకటో పేజీలో ఈ పొద్దున కరుణాకుమారి రాసింది. గుండ్రటి అక్షరాలు, కింద తేదీ, సంతకం. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అంటే నాకేమీ కాదు. ఆ మాట నాకు నేను మూడుసార్లు చెప్పుకున్నాను. మూడోసారి నాకే నమ్మకం కలగలేదు. ఎందుకంటే సంతకం పెట్టే ముందు ఆ అమ్మాయి ఒక మాట అడిగింది.

"అక్కా, ఒక్కసారి చూస్తావా? సరిగ్గా కాపీ అయిందో లేదో, నాకు భయంగా ఉండాది."

అప్పుడు నా ఫోను మోగుతోంది. తలుపు దగ్గర ఎవరూ లేరు, గదిలో మేమిద్దరమే. ఆ పెన్ డ్రైవ్ పెట్టి చూడటానికి అర నిమిషం పట్టేది.

"ఐదేళ్లు రొయ్యల మీద రీసెర్చి చేసినావు, కాపీ పేస్టు రాదా తల్లీ నీకు? సంతకం పెట్టి పో. నాలుగింటికి రా" అన్నాను.

సిగ్గుపడి నవ్వింది. సంతకం పెట్టి వెళ్లింది.

ఆ అమ్మాయిది నాయుడుపేట అవతల పల్లె. వాళ్లమ్మ పెంచలమ్మ వరినాట్లకు, కలుపులకు వెళ్తుంది. ఇంట్లో పదో తరగతి దాటినది ఈమె ఒక్కతే. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ రోగం మీద పీహెచ్‌డీ. ఐదేళ్ల గడువు సోమవారం సాయంత్రంతో అయిపోతుంది. ఆలోపు థీసిస్ ఇవ్వకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఈ రోజు శుక్రవారం. ఇవన్నీ తెలిసే నేను ఆ మాట అన్నాను.

పోయిన ఫైళ్లను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని నడిపించాను. తెర మీద పచ్చగీత ఒక గోరు మేర కదిలి ఆగింది. రెండు శాతం. ఇంకా నాలుగు గంటలు పడుతుందని చూపించింది. గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది.

మెయిల్లో ఏమైనా పెట్టుకుని ఉంటుందేమోనని వాళ్ల గైడు నరేంద్రబాబు గారికి ఫోన్ చేశాను. ఏదో సర్వర్ చెకింగ్ అని అబద్ధం చెప్పి, మీ స్కాలర్లు థీసిస్‌లు మెయిల్లో పంపుతారా సార్ అని అడిగాను. "మెయిలా? వద్దని నేనే చెప్పినానమ్మా. డేటా బయటికి పోతే ఇంకొకడు పేపరు వేసుకుంటాడు. నాకు ప్రింటు ఇస్తే చాలు, దిద్ది వాళ్లకే ఇచ్చేస్తా" అన్నారాయన. గొంతులో ఎంత నిబ్బరమో. ఫోన్ పెట్టేశాక నా బొటనవేలి గోరు నోట్లో ఉందని తెలిసింది. చిన్నప్పుడు మానేసిన అలవాటు.

ప్రింటు అనగానే బెన్హర్ గుర్తొచ్చాడు. గేటు బయట జిరాక్స్ షాపు అతనిదే. పిల్లలు ప్రింటు కోసం ఇచ్చిన ఫైళ్లన్నీ అతని కంప్యూటర్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. గదికి తాళం వేసి, ఎండలో చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తాను. కరుణ దారిలో ఎదురొస్తుందేమోనని భయం. చెట్టు కింద నీలం చుడీదార్ కనబడితే గోడ చాటుకు తప్పుకున్నాను. ఎవరో వేరే అమ్మాయి.

"బెన్హరన్నా, కరుణాకుమారి థీసిస్ ఉండాదా నీ దాంట్లో? పాతదైనా పరవాలేదు."

బెన్హర్ నన్ను వింతగా చూశాడు. "ఏంది గుల్నాజక్కా, నువ్వే గదా పది దినాల కిందట వచ్చి, నా సిస్టమంతా వైరస్సు, దీంట్లోంచే యూనివర్సిటీ అంతా పాకతా ఉండాదని తిట్టి, మొత్తం తుడిచిపెట్టినావు? ఆ పాప నిన్ననేమో అట్ట పేజీ ఒకటే ప్రింటు తీసుకునింది. అది ఉండాది, ఇమ్మంటావా?"

అట్ట పేజీ. పైన యూనివర్సిటీ గుర్తు, నడుమ ఆ అమ్మాయి పేరు పెద్ద అక్షరాలతో. వద్దన్నాను. తిరిగి వచ్చేటప్పుడు పరిగెత్తలేకపోయాను.

ఒంటిగంటకు పచ్చగీత ఇరవై దగ్గరుంది. అమ్మ కట్టిచ్చిన అన్నం మూత కూడా తీయలేదు. రొయ్యల చెరువుల వైపు లైన్లో లోడు ఎక్కువై వోల్టేజీ ఊగుతోంది, లైటు సన్నబడినప్పుడల్లా రెండు చేతులతో యూపీఎస్ పట్టుకుని కూర్చున్నాను. పట్టుకుంటే ఆగుతుందా? భయపడ్డ మనిషికి బుద్ధి ఎక్కడుంటుంది? ఏడేళ్లుగా ప్రతి ఒక్కరినీ ప్లగ్గు చూసుకున్నారా అని వెక్కిరించినదాన్ని, ఆ పూట ప్లగ్గు చూసుకుంటూ కూర్చున్నాను.

రెండున్నరకే తలుపు చప్పుడైంది.

"అక్కా, ముందే వచ్చేసినా. రూములో ఉండబుద్ధి కాలా." చేతిలో చిన్న అట్టపెట్టె. "మలై కాజా. మా మామ నెల్లూరు నించి తెచ్చినాడు. నీకనే ఎత్తిపెట్టినా."

"ఇంకా అవలేదు. ఐదింటికి రా పో" అన్నాను.

"పరవాలేదక్కా, ఈడే కూర్చుంటాలే. నీకు అడ్డం రాను."

కూర్చుంది. నా వెనకాల, గోడవారన ఉన్న కుర్చీలో. తెర ఆమెకు కనబడుతుంది. నేను వీపు అడ్డం పెట్టి కూర్చున్నాను.

"అదేందక్కా, అట్టా తిరగతా ఉండాది?"

"అప్‌డేటు."

ఆ తర్వాత ఆమే మాట్లాడింది. సోమవారం వాళ్లమ్మ వస్తుందట, థీసిస్ ఇచ్చేటప్పుడు చూడాలని. యూనివర్సిటీ లోపలికి రానిస్తారా, కొత్త చీర కట్టుకోవాలా అని ఫోన్లో ఒకటే అడుగుతోందట. వెనక నుంచి ఒక్కొక్క మాటా వచ్చి నా మెడ మీద పడుతోంది. లేచి పారిపోవాలనిపించింది. నిజంగానే, బ్యాగు తీసుకుని, కోట బస్సెక్కి, ఇంటికి వెళ్లి తలుపు వేసుకోవాలనిపించింది.

నాలుగు దాటి పది నిమిషాలకు పచ్చగీత చివరికి చేరింది. ఫైళ్లు దొరికాయని చూపించింది, వేలల్లో. ఒక్క క్షణం బతికాను అనుకున్నాను. పెద్దది ఒకటి తెరిచాను. చదరాలు, ప్రశ్నార్థకాలు, పేజీల కొద్దీ. ఇంకొకటి. అదీ అంతే. పదిహేను తెరిచాను. దొరికినవి కొన్ని రొయ్యల ఫొటోలు, ఎవరిదో పుట్టినరోజు ఫొటో ఒకటి.

వెనకాల కుర్చీ కదిలింది. "అక్కా, అవి నావి గదా?"

ఇంక వీపుతో దాచలేను. ఆమె వైపు తిరిగి చెప్పేశాను. పెన్ డ్రైవ్‌లో ఉన్నవి ఫైళ్లు కావని, డ్రైవులు రెండూ తుడిచేశానని, పొద్దుటి నుంచి వెతుకుతున్నానని, దొరకలేదని. చెబుతూ ఆమె మొహం చూడలేక ఆ అట్టపెట్టెకున్న దారం చూస్తూ ఉన్నాను.

ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది. బ్యాగు కుర్చీలోనే ఉంది.

అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. ఉద్యోగం, రిజిస్టరు, యాసీనన్న, ఏదీ గుర్తులేదు. మా వెనక గేటు దాటితే సరుగుడు తోట, అది దాటితే సముద్రం. "కరుణా! కరుణా!" అని అరుస్తూ వరండాలోకి పరిగెత్తాను. మెట్లు దిగి చూశాను. వెనక గేటు దాకా వెళ్లాను. ఎవరూ లేరు. వాచ్‌మన్ ఎవరూ పోలేదన్నాడు. మళ్లీ వెనక్కి వస్తే, మెట్ల వెనక నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడుతోంది. అల్లా, అని గోడ పట్టుకుని కూర్చుండిపోయాను.

ఫోన్ పెట్టేసి నా పక్కన వచ్చి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సారుకు చెప్పినా. సారు దిద్దిన ప్రింట్లు కొన్ని, ల్యాబు పుస్తకాలన్నీ ఉండాయి గదా, రెండు నెలలు టైమిస్తే మళ్లా రాసుకోవచ్చంట. కానీ టైము డీన్ గారు ఇయ్యాల. తప్పు కంప్యూటర్ సెంటర్‌దని మీ దగ్గర నుంచి రాతలో ఉంటే ఇస్తారంట. నా తప్పయితే ఇయ్యరంట." చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది. "నేను సంతకం పెట్టేసినా గదక్కా. నీ తప్పేముండాది ఇంక."

పొద్దున తను అడిగిన మాట ఆమెకు గుర్తుంది. కళ్లు చూస్తే తెలుస్తోంది. అయినా అనలేదు. అని ఉంటే గొడవపడేదాన్ని, నాకు గొడవ బాగా వచ్చు.

లోపలికి వచ్చి రిజిస్టరు తీశాను. నలభై ఒకటో పేజీ. ఆ సంతకం కింద నాలుగు వేళ్ల జాగా ఉంది. ఈ పేజీ మూసేసి బీరువాలో పెడితే రేపు నేను ఈ కుర్చీలోనే ఉంటాను. పెన్ను తీశాను. అమ్మ గుర్తొచ్చింది, లారీ వెనకాల రంగు డబ్బాతో నిలబడ్డ యాసీనన్న గుర్తొచ్చాడు. చాలా భయమేసింది. ఆ రోజంతా పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

రాశాను. "ఫార్మాట్ చేయక ముందు, ఫైళ్లు సరిగ్గా కాపీ అయ్యాయో లేదో చూడమని కరుణాకుమారి నన్ను అడిగింది. చూడటం నా పని. నేను చూడలేదు. తప్పు కంప్యూటర్ సెంటర్‌ది." కింద నా పేరు, తేదీ, టైము. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆ పేజీని రెండు కాపీలు తీసి సెంటర్ ముద్ర వేశాను.

ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఒక కాపీ చేతిలో పెట్టాను. చూడకుండానే మడిచి బ్యాగులో పెట్టుకోబోయింది.

"మడవబాక. ఒక్కసారి చూడు" అన్నాను. "సరిగ్గా ఉండాదో లేదో చూసి తీసుకోని పో. నాకు భయంగా ఉండాది."

కాగితం విప్పింది. లైటు కింద నిలబడి, మొదటి అక్షరం నుంచి నా సంతకం దాకా, నిదానంగా రెండుసార్లు చదివింది.