కుడివైపు తలుపు

శనివారం సాయంత్రాల్లో ఇండియానాలోని మా ఊరి కోర్టు ముందు ప్రదర్శనకి పాత కార్లు బారులు తీరతాయి. ఒకప్పుడు నేను నడిపిన కారు లాంటివి కనిపిస్తే ఫొటో తీసుకుంటాను, ఎప్పుడూ ఎడమవైపు, అంటే ఇక్కడి కార్లలో స్టీరింగు ఉండే వైపు నుంచే.

ఆ వారం నీలం ఇంపాలా ఒకటి వచ్చింది. ముందు పెట్టిన బోర్డు మీద ‘గడ్డికొట్టంలో దొరికింది, మొదటి యజమాని తెలియదు’ అని రాసి ఉంది. స్టీరింగు మీద మా తమ్ముడు డ్వేన్ చాకుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. ఆ యజమానిని నేనే.

“ఏం పెద్దాయనా, అటువైపు వెళ్ళడానికి టిక్కెట్టేమన్నా పెట్టామా?” అన్నాడు కారు బాగుచేయించుకుని స్టీరింగు ముందు కూర్చున్న మెర్ల్.

అతని పక్కన కుడివైపు సీట్లో ఉన్న భార్య జోలీన్ నవ్వింది. “ఇటు రాకండి, ఈ తలుపుకి పిచ్చి. గొళ్ళెం మూడుసార్లు మార్చాడు. అయినా బండి ఎడమకి తిప్పితే చాలు, దానంతటదే తెరుచుకుంటుంది.”

“తలుపు గట్టిగా పట్టుకుని కూర్చోమన్నానుగా!” అని కసిరాడు మెర్ల్.

యాభై రెండేళ్ల కిందట డ్వేన్‌తో నేనన్న మాట అదే. గొళ్ళెం వదులైందని అప్పటికే నాకు తెలుసు. మిల్లు దగ్గర ఎడమకి తిప్పి పక్కకి చూస్తే సీటు ఖాళీగా ఉంది. రోడ్డు మీద పడ్డవాడు మరి బతకలేదు. తాగిన మత్తులో వాడే తలుపు తీసుకున్నాడని అమ్మతో చెప్పాను. ఆ తర్వాత కారు అమ్మేశాను.

మెర్ల్ ఇంజను స్టార్టు చేశాడు. నేను కెమెరా దించి, మొదటిసారి కుడివైపుకి నడిచి, తలుపు మీద చెయ్యి వేశాను.

“దిగమ్మా,” అన్నాను. “మా తమ్ముడు ఈ తలుపు తియ్యలేదు.”