తప్పు తేదీకి పెట్టిన అన్నం

రాతిపనివాడు రాయి మీది అక్షరాలు ఉలితో చెక్కి తీసేస్తున్నాడు. "పోలీసు" అన్న మాట అప్పటికే రాలిపోయింది. "కాల్పుల్లో" అన్నది సగం పోయింది. పట్టపగలు పదకొండు గంటలకి, ముప్పై మంది చూస్తుండగా ఆ పని జరుగుతోంది.

నా పేరు శ్రీకంఠ. బంగారు గనుల ఆఫీసులో క్లర్కుగా చేసిన విజయేంద్ర కొడుకుని. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. నా మాట కొంచెం కటువు. వినేది కార్మికులూ చదువుకునే పిల్లలూ అయితే సర్దుకుంటారు. మిగతావాళ్ళతో నాకు పనిలేదు.

ఆ రాయి సంగతి ముందు చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఎర్రజెండా యూనియన్ వాళ్ళని వేటాడారు. కమ్యూనిస్టు అన్న ముద్ర పడితే ఉద్యోగం పోయేది, ఇల్లు పోయేది. ఒక ఫిబ్రవరి తొమ్మిదిన, ఇదే మైదానంలో, సమ్మె సభ మీద కంపెనీ మనుషులు కర్రలతో విరుచుకుపడ్డారు. జనం తిరగబడేసరికి పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. చాలా ఏళ్ళకి యూనియన్ వాళ్ళు ఏడు పేర్లూ, తేదీ, ఎలా చనిపోయారన్నదీ చెక్కించి ఆ రాయిని నిలబెట్టారు.

ఇప్పుడు గనులు మూతపడి పదేళ్ళు దాటింది. యూనియన్ లేదు, సైరన్ లేదు, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బలు మాత్రం మిగిలాయి. ఇన్నాళ్ళకి పట్టణ సుందరీకరణ సమితి అని ఒకటి పుట్టుకొచ్చి మా రాయి మీద ప్రేమ ఒలకబోసింది. చుట్టూ పార్కు కడతారట. రాయి మీద "గని ప్రమాదంలో అసువులు బాసిన కార్మికులు" అని రాయిస్తారట. ఫిబ్రవరి ఇరవైన మంత్రిగారు వచ్చి తెర లాగుతారట.

"ఆపప్పా ఉలి!"

అరిచింది చిన్నవెంకటమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి. రాయి మీద మొదటి పేరు తిమ్మరాయప్పది. ఆమె ఆయన కూతురు.

"పేరు ముట్టుకోలేదమ్మా," అన్నాడు రాతిపనివాడు. "కింద రాత మాత్రం మార్చమన్నారు."

"ఆ కింద రాతే గదప్పా మా నాయన సావు!"

అతను ఉలి కింద పెట్టాడు. "నేను కూలోణ్ణి. సమితి ఆఫీసులో పోయి అడగండి."

మధ్యాహ్నం అందరం సమితి ఆఫీసుకి వెళ్ళాం. అధికారి మర్యాదస్తుడు. మాకు కాఫీ తెప్పించాడు. తర్వాత బల్ల మీద ఏడు పాత ఫైళ్ళు పెట్టాడు.

"మాకేమన్నా పగనా అమ్మా? ఇది చూడండి. ఫిబ్రవరి ఇరవైన గనిలో బరస్టు అయ్యి తిమ్మరాయప్ప చనిపోయినాడు. కింద మీ అమ్మ వేలిముద్ర. ఏడు ఇండ్లోళ్ళూ ఇట్లే రాసిచ్చినారు. మరి అబద్ధం చెప్పింది ఎవురు?"

బరస్టు అంటే భూమి అడుగున బరువుకి రాయి పేలి మనుషుల మీద పడటం. గనిలో అది మామూలే కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. చిన్నవెంకటమ్మ ఆ ముద్రని వేలితో తడిమింది.

"ఇంకొక మాట," అన్నాడు ఆయన. "కంపెనీ వరసగా కట్టిచ్చిన మీ లైను ఇండ్లకి హక్కుపత్రాలు ఈ ఫైళ్ళ మీదే తయారైతా ఉండాయి. ఈ కాగితం తప్పంటే, దాంతో మీ ఇంటోళ్ళకి వచ్చిన పని తప్పు, ఇల్లూ తప్పే. యోచన చేసుకోండి."

ఒకప్పుడు కర్రలూ తుపాకులూ చేసిన పనిని ఆయన కాఫీ పోసి చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు మాలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

సాయంత్రం లైనులో బచ్చప్ప ఇంటి ముందు పెద్ద గొడవయింది. బచ్చప్ప గనిలో దూలాలు నిలబెట్టిన పాత కార్మికుడు. "జెండా పట్టినోళ్ళం మనం. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎట్లప్పా?" అన్నాడు.

శశికుమార్ భగ్గుమన్నాడు. ఏడుగురిలో ఒకరి మనవడతను. రోజూ చీకటితో రైలెక్కి బెంగళూరులో కాపలా పనికి పోతాడు. "నీకేం తాతా, నీ ఇంటికి ఫైలు లేదు! రేపు ఇల్లు పోతే నా పిల్లోల్ని యాడ పెట్టేది? మాలూరు ఇటుకబట్టీలోనా? రాయి మీద పేరుంది గదా, చాలు!"

"పేరుండి సావు మారిపోతే ఏం మిగిలినట్లురా?"

"తలమీద కప్పు మిగుల్తాది!"

శశికుమార్‌ది తప్పని నేను అనలేకపోయాను. అప్పుడే, అన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట నా నోట్లోంచి వచ్చేసింది. "ఆ ఏడు కాగితాలూ టైపు కొట్టింది మా నాన్న. పోయేముందు నాతో చెప్పాడు."

అక్కడే ఉన్న చిన్నవెంకటమ్మ నా వైపు తిరిగింది.

"తెలుసు మేష్ట్రే. మాయమ్మ చెప్పింది. చెయ్యి వణకతా ఉంటే మీ నాయనే పట్టుకోని ముద్ర ఏపిచ్చినాడంట. దానికి ముందు తాగేదానికి నీళ్ళు ఇచ్చినాడంట."

అది క్షమించడమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె అరుగు మీద కూర్చుని, ఎవరినీ చూడకుండా చెప్పుకుపోయింది.

"నాకప్పుడు ఏడేండ్లు. అన్నకి పదారు. కంపెనీ వాళ్ళు ఇంటికొచ్చినారు. బరస్టులో సచ్చినాడని ఒప్పుకుంటే కొడుక్కి పని ఇస్తాము, ఇంట్లో ఉండొచ్చు అన్నారు. కమ్యూనిస్టుగా సచ్చినాడంటే తెల్లారేలోగా ఊరిడిచి కామసముద్రం దారి పట్టమన్నారు. అమ్మ ఏలు పెట్టింది. ఇంగ ఆ పొద్దు నుంచి ఫిబ్రవరి ఇరవైనే మా నాయనకి ఎడ పెడతా వచ్చినాము."

చనిపోయినవాళ్ళకి ఏటేటా విస్తరిలో అన్నం వడ్డించి పిలవడాన్ని మా వైపు ఎడ పెట్టడం అంటారు.

"ఏ దినం పెడతామో చూసేదానికి కంపెనీ వాచ్‌మన్ లైనులో తిరిగేవాడు. తొమ్మిదో తేదీ వచ్చిందంటే అమ్మ కడుపునొప్పి అని పడుకునేది. ఏడ్చేది కాదు. అది కడుపునొప్పి కాదని నాకు పెండ్లయినాక గదా తెలిసింది! అమ్మ పోయినాక కూడా నేను ఇరవైనే పెట్టినాను. భయం. అలవాటైన భయం. అరవై ఏండ్లు మేష్ట్రే. మా నాయన తొమ్మిదో తేదీ ఆకలితో వచ్చి, విస్తరి లేక తిరిగి పోయింటాడు గదా?"

శశికుమార్ తల వంచుకున్నాడు. "మా ఇంట్లో కూడా ఇరవైనే," అన్నాడు.

ఫిబ్రవరి తొమ్మిది పొద్దున్నే, లైనంతా ముందే చెప్పినట్టు, చిన్నవెంకటమ్మ ఎడ పెట్టడానికి గంపతో మైదానానికి వచ్చింది. రాయి ముందు విస్తరి వేసి రాగిముద్ద పెట్టింది, ఉలవచారు పోసింది. తోడుగా నేనూ బచ్చప్పా ఉన్నాం. ఎదురుగా రెండు పోలీసు జీపులు. చాలాసేపు మరెవరూ రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకు జనం మీద కోపం ముంచుకొచ్చింది.

అప్పుడు మునిలక్ష్మి వచ్చింది. శశికుమార్ భార్య. మొగుడితో పోట్లాడి వచ్చినట్టుంది, కళ్ళు వాచి ఉన్నాయి. రెండో విస్తరి వేసింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. తొమ్మిది గంటలకల్లా ఏడు విస్తళ్ళు వరసగా పడ్డాయి. ఫైళ్ళతో ఏ సంబంధమూ లేని జనం కూడా రెండు వందల మంది దాకా వచ్చి నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చాడు. "ఈ పొద్దు పర్మిషన్ లేదమ్మా. ఇరవైన మంత్రిగారి ముందర పెట్టుకోండి. ఫోటో కూడా తీస్తారు."

"ఇరవైన మా నాయన సావలేదు సార్," అంది చిన్నవెంకటమ్మ. "ఈ పొద్దు, ఈడనే, మీ పోలీసోళ్ళు కాల్చినారు. మాయమ్మ అబద్ధానికి ఏలు పెట్టింది. ఆ అబద్ధంతోనే మేము కూడు తిన్నాము. ఇంగ చాలు. ఇల్లు కావాలంటే తీసుకోండి."

"లేపండి వీళ్ళని!"

ఒక బూటు విస్తరిని తొక్కింది. రాగిముద్ద మట్టిలో పడి నలిగిపోయింది. చిన్నవెంకటమ్మ తిట్టలేదు. రెండు చేతులూ నేలకానించి "నాయనా!" అని ఏడ్చింది. డెబ్బై ఏళ్ళ గొంతులోంచి ఏడేళ్ళ పిల్ల ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. పోలీసుల్లో ఒకడు మొహం తిప్పుకున్నాడు.

"కాల్చి సంపినారు!"

గుంపు వెనకనుంచి అరుపు. చూస్తే శశికుమార్. ఆ రోజు రైలెక్కలేదు. "బరస్టు కాదు, కాల్చి సంపినారు!" రెండు వందల గొంతులు అందుకున్నాయి. వ్యాన్లు తెప్పించి నలభై ఒక్కమందిని వాటిలోకి తోశారు. వ్యాన్లు కదిలినా అరుపు ఆగలేదు.

గెలిచామని అబద్ధం చెప్పను. పట్టుకెళ్ళినవాళ్ళని వదిలేశాక, ఇరవైన మంత్రిగారు వచ్చారు, తెర లాగారు, కొత్త అక్షరాలు తళతళలాడాయి. సాయంత్రానికి ఏడు ఇళ్ళ తలుపుల మీద నోటీసులు పడ్డాయి. హక్కుపత్రాలు నిలిపివేశారట. మునిలక్ష్మి గుమ్మంలో కూలబడింది. శశికుమార్ ఆమె పక్కనే కూర్చున్నాడు కానీ ఓదార్చలేకపోయాడు. మీ మూలంగా వీధిన పడ్డామని లైనంతా మమ్మల్ని తిడుతుందనే అనుకున్నాను.

మర్నాడు నేనూ చిన్నవెంకటమ్మా ఆమె ఇంటి అరుగు మీద ఉండగా వాకిట్లోకి ఒకామె వచ్చింది. పక్క లైను సొన్నమ్మ. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"అక్కా, మా ఆయన ఊపిరితిత్తుల్లో గని దుమ్ము నిండి సచ్చినాడు. రెండేండ్లు నెత్తురు కక్కినాడు. పరిహారం ఎగ్గొట్టేదానికి కాగితంలో క్షయ అని రాసినారు. నేనూ ఏలు పెట్టినాను. మీరు మైదానంలో నిజం చెప్పేసినారంట గదా. అట్ల నేనూ చెప్పొచ్చా?"

ఆమె వెనక గోడవారగా మరో ఇద్దరు నిలబడ్డారు. వీధి మలుపులో ఇంకొందరు. అందరి చేతుల్లోనూ కాగితాలే.

చిన్నవెంకటమ్మ జరిగి, సొన్నమ్మకి అరుగు మీద చోటిచ్చింది. ఆ కవరు తీసుకుని నా చేతికిచ్చింది.

"చదవండి మేష్ట్రే. గట్టిగా చదవండి. బయట ఉండేవాళ్ళకి కూడా ఇనపడాల."