వండూర్ కొండ కింద లోడరు

అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ పక్క గోల్ ఘర్‌లో డీజిల్ బండ్లు నడిపేవాళ్ళలో ప్రేమావతిని ఎరగనివాళ్ళు లేరు. తండ్రి పెట్టిన రిపేరు షెడ్డును ఆయన పోయాక ఆమే నడుపుతోంది. ఇంజను మీద చెయ్యి వేసిందంటే దాని జబ్బు తేల్చందే వదలదని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం. ఆ వానాకాలం వండూర్‌లో ఆ గర్వమే ఆమె కళ్ళకు గంతలు కట్టింది.

అక్కడ వీరేంద్ర అనే కుర్ర కాంట్రాక్టరు రిసార్టు కోసం కొండ మొదలు తొలిపించి చదును చేయిస్తున్నాడు. పెద్ద యంత్రం కొండను నిలువునా కోసి వెళ్ళిపోయింది. మిగిలిన మట్టి ఎత్తడానికి మెయిన్‌లాండ్ నుంచి ఓడలో దింపిన పాత చిన్న లోడరు ఒకటి ఉంది. ముందు బకెట్టు, మధ్యలో పంజరం లాంటి క్యాబిన్, అందులో ఒక్క మనిషికే చోటు, వెనక ఇంజను. కాసేపు పని చేయగానే అది వేడెక్కి, బజరు మోగించి మొరాయిస్తోంది.

"దీదీ, గాడీ బహుత్ గరమైపోతంది. నీల్లు పోసి పోసి నా సేతులు పోతన్నాయి," అని డ్రైవరు బాబ్జీ ఫోన్ చేశాడు.

ప్రేమావతి వెళ్ళి వెనక తలుపు తెరిచింది. రేడియేటరుకూ ఆయిల్ కూలరుకూ మధ్య సందులో కొబ్బరి పీచు, ఎండుగడ్డి, బురద కలిసి పరుపులా అట్టకట్టి ఉన్నాయి.

"ముక్కులో గుడ్డలు కుక్కి పరిగెత్తమంటే ఎవడు పరిగెడతాడు బాబ్జీ?" అంటూ కూలరును పక్కకు తప్పించి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టి, మెల్లగా నీళ్ళతో కడిగింది. వదులైన ఫ్యాన్ బెల్టు బిగించింది. ఇంజను తిప్పితే టెంపరేచర్ ముల్లు ఉండాల్సిన చోటే నిలిచింది. వీరేంద్ర ముఖం విప్పారింది.

రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ ఫోను. ఈసారి ఆమె అనుమానం థర్మోస్టాట్ మీదికి పోయింది. వేడెక్కగానే తెరుచుకుని నీళ్ళను రేడియేటర్లోకి వదలాల్సిన చిన్న కవాటం అది. దాన్ని ఊడదీసి, మరిగే నీళ్ళలో వేసి చూడాలి. దగ్గర్లో పొయ్యి ఉన్న ఇల్లు ఒక్కటే, కోసిన అంచుకు పైన, కొండ వాలులో చిన్నమ్మిది. ఒంటరి ముసలమ్మ. నాలుగు కోళ్ళు, ఒక వంకాయ మడి, రేకుల ఇల్లు.

"రామ్మా, గిన్నె ఉంది, పొయ్యి ఉంది. ఆ తలుపు మాత్రం మూయకు, మల్లీ తెరుసుకోదు," అంది చిన్నమ్మి.

"వానకి చెక్క ఉబ్బి ఉంటది పెద్దమ్మా."

"ఏటో మరి. ఇన్నేల్ల వానల్లో ఉబ్బనిది ఇప్పుడే ఉబ్బింది."

ప్రేమావతి కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి. నీళ్ళు తెర్లుతున్నా థర్మోస్టాట్ సగమే తెరుచుకుంది. దొరికావనుకుంది. సంచిలో అదే కొలతది ఇంకొకటి ఉంటే బిగించింది. ఆ మధ్యాహ్నమంతా లోడరు ఆగకుండా పని చేసింది. బకెట్టు తరవాత బకెట్టు, కొండ మొదటి నుంచి ఎర్రమట్టి వస్తూనే ఉంది. ఆమె బయల్దేరుతుంటే వీరేంద్ర, "దీదీ, మీ చేతిలో జాదూ ఉంది," అన్నాడు. ఆమె బస్సులో కూర్చుని దారి పొడుగునా సంతోషపడింది.

ఆదివారం ఆరాధన అయిపోయి చర్చి మెట్లు దిగుతుండగా మూడోసారి ఫోన్ వచ్చింది. బాబ్జీ గొంతులో విసుగు లేదు, బెదురుంది.

"దీదీ, ఓసారి రండి. ఇది గాడీ రోగం నాగ లేదు."

ఆమెకు పౌరుషం వచ్చింది. హెడ్ గాస్కెట్ పోయిందేమో, నీళ్ళ పంపు అరిగిందేమో అనుకుంటూ సామానంతా సర్దుకుని వెళ్ళింది. ఆకాశం మబ్బేసి ఉంది. గాలి లేదు. రేడియేటరు మూత తీసి ఇంజను నడిపి చూసింది, నీళ్ళలో బుడగల్లేవు, అంటే గాస్కెట్ పోలేదు. పంపు బాగుంది. తనే క్యాబిన్లో కూర్చుని రోడ్డు పక్క చదునులో బండిని చాలాసేపు తిప్పింది. ముల్లు కదల్లేదు. అక్కణ్ణుంచి కొండ మొదటికి తీసుకెళ్ళి బకెట్టు మట్టిలో గుచ్చింది. ఇంజను మూలిగింది. చక్రాలు ఉన్నచోటే గింజుకున్నాయి. ముల్లు చూస్తుండగానే పైకి పాకింది.

కదలని దాన్ని తోస్తుంటే బకెట్టునూ చక్రాలనూ కదిలించే హైడ్రాలిక్ నూనె కాగుతుంది, ఆ వేడి ఇంజను మీద పడుతుంది. అంత వరకూ ఆమెకు అర్థమైంది. కానీ లూజు మట్టి కదలకపోవడమేమిటి?

"నిన్న ఈ కుప్ప తియ్యలేదా?" అని అడిగింది దిగుతూ.

"తీసేను దీదీ. మొన్నా తీసేను. పొద్దున్నొచ్చి సూత్తే మల్లీ ఇంతే ఉంటాది. నానెంత తీత్తే అది అంత ఇత్తంది."

ప్రేమావతి ఇంజను ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో పైనెక్కడో పుటుక్కుమని ఏదో తెగిన చప్పుడైంది. కాసేపటికి మరొకటి. మట్టిలోపల చెట్ల వేర్లు తెగుతున్నాయి. కోసిన గోడ మీద చెయ్యి పెట్టింది. మట్టి తడిగా, మెత్తగా, అరచేతిని వెనక్కి నెట్టినట్టు ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, మూస్తే తెరుచుకోని చిన్నమ్మి తలుపు. చెక్క ఉబ్బలేదు, కింద నేలే కదిలింది. బండి జబ్బు పడలేదు. జారుతున్న కొండను ఎదురు తోస్తోంది. అది ఆగిపోయినప్పుడల్లా ఆమే వచ్చి బాగుచేసి, కొండ కాళ్ళ కింది మట్టిని ఇంకాస్త తోడించింది.

వీరేంద్రకు చెబితే నవ్వాడు. "దీదీ, మీరు ఇంజన్ మెకానిక్కా, పహాడ్ డాక్టరా? వచ్చే షిప్పులో సామానొస్తోంది. ఈ మూల, ఈ ఒక్క కోనా క్లియర్ చేస్తే చాలు."

"మనుషులు పోతారు వీరేంద్రా. పని ఆపు."

"గాడీ నాది."

ఆమె ఇంజను దగ్గరికెళ్ళి ఫ్యాన్ బెల్టు కత్తితో కోసి పొదల్లోకి విసిరేసింది. బాబ్జీని రోడ్డు మీదికి పొమ్మంది. తను చిన్నమ్మి కోసం వాలు ఎక్కింది.

వంకాయ మడికి అడ్డంగా నేల పగిలి ఉంది. పగులులో అరచెయ్యి పడుతుంది. చిన్నమ్మి ఒక కోడిని చంకలో పెట్టుకుని రెండోదాని వెనక పడుతోంది.

"పెద్దమ్మా, వాటిని వదిలెయ్. పద!"

"వదిలేత్తే పామెత్తుకుపోతాది. నువ్వా పుంజుని పట్టు."

ఇంతలో కింద ఇంజను మోగింది. ప్రేమావతి కిందికి తొంగి చూసింది. స్పేరు బెల్టు ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకోమని మొదటిసారి వచ్చినప్పుడు తనే చెప్పింది. బాబ్జీ ఎక్కనన్నట్టున్నాడు, వీరేంద్రే బిగించుకుని ఎక్కి కూర్చున్నాడు.

ఆమె ముసలమ్మ నడుం పట్టుకుని పక్క గట్టు మీదికి లాక్కుపోయింది. వెనక పెద్ద చప్పుడేమీ కాలేదు. బరువైన తడిబట్ట తాడు మీంచి జారినట్టు కొండ ఒక పక్క జారిపోయింది. వంట వసారా, వంకాయ మడి, అందులోని కోళ్ళు దానితో పాటే వెళ్ళిపోయాయి.

కిందికి ఎలా దిగిందో ఆమెకు తెలియదు. లోడరు ముందు భాగం పూర్తిగా మట్టిలో ఉంది. వెనక ఇంజను మాత్రం బయటికి పొడుచుకుని ఇంకా తిరుగుతోంది. బజరు ఆగకుండా అరుస్తోంది. బాబ్జీ అప్పటికే చేతులతో తవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు.

"ముందు వైపు కాదు! వెనక అద్దం!" అని ఆమె అరిచింది. ఆ బండ్లలో వెనక అద్దం ఊడొచ్చేలా పెడతారు, ప్రాణం మీదికొస్తే బయటపడటానికి. ఆమె ఇంజను ఆపి, దాని మీదికెక్కింది. కాలుతున్న రేకు మోకాళ్ళకు చురుక్కుమంది. రబ్బరు అంచు లాగి అద్దం ఊడబెరికింది. లోపల ఛాతీ దాకా మట్టిలో వీరేంద్ర. నోరు తెరిచి గాలి కోసం ఎగపీలుస్తున్నాడు. ఇద్దరూ మట్టి గోకి గోకి, చంకల కింద చేతులు వేసి లాగారు. కుడికాలు మోకాలి కింద వేలాడుతోంది. రోడ్డు మీదికి తెచ్చి పడుకోబెట్టాక ఆమె చెయ్యి పట్టుకుని, "దీదీ, పైన ముసలమ్మ?" అని మాత్రం అడిగాడు.

"బతికే ఉంది."

అంబులెన్సు అతన్ని పోర్ట్ బ్లెయిర్ తీసుకుపోయింది. జనం చేరారు, ఫొటోలు తీశారు, గండం గడిచిందన్నారు. ఎవరో టీలు తెచ్చారు. బాబ్జీ మాత్రం గ్లాసు పట్టుకోకుండా కొండ వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

"దీదీ, ఇంకా తెగతన్నాయి."

ప్రేమావతి విన్నది. పుటుక్కు, పుటుక్కు. మిగిలిన సగం కొండ నింపాదిగా, ఎవరి తొందరా పట్టనట్టు, లోపల్లోపల తెగుతోంది. దాని కింద రోడ్డు, రోడ్డుకు ఇవతల వరసగా ఇళ్ళు. సన్నగా చినుకు మొదలైంది.

ఇద్దరూ చెరోవైపు నుంచి ఆ ఇళ్ళ తలుపులు తట్టారు. కొందరు వెంటనే వచ్చారు. కొందరు తిట్టారు. మంచం దిగనన్న ఒక తాతను బాబ్జీ మంచంతో సహా మోయించుకొచ్చాడు. చీకటి పడక ముందే అందరూ స్కూలు గదుల్లోకి చేరారు. ఆఫీసరు వచ్చి చూసి రోడ్డుకు అడ్డంగా తాడు కట్టించాడు.

మర్నాడంతా వాన. కొండ పడలేదు. స్కూల్లో సణుగుడు మొదలైంది, మెకానిక్కు మాట విని కొంపలొదిలి వచ్చామని. ప్రేమావతి గోల్ ఘర్ వెళ్ళకుండా గుమ్మంలోనే కూర్చుంది. పడాలని కోరుకోలేదు, పడదని నమ్మనూ లేదు. తరవాతి ఉదయం జనం గంజి తాగుతుండగా నేల ఒక్కసారి అదిరింది. చేతుల్లో గిన్నెలు నిలిచిపోయాయి.  కాసేపటికి కూలిన కొండ వైపు నుంచి తడిమట్టి వాసన గదుల్లోకి వచ్చింది. చిన్నమ్మి లేచి నిలబడి, తన పక్కనున్న పిల్లల్ని ఒక్కొక్కరినే తల మీద చెయ్యిపెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.