పెద్ద కంటికి పెట్టిన బొట్టు

కళామందిరంలో కుర్చీల వరసలు ఎంత నడిచినా తరగడం లేదు. గౌరునాయుడు ఒక్కో వరసా దాటుతూ ముందుకు పోతున్నాడు. అటెండరు పని మాని పన్నెండేళ్ళయినా తుడిచే గుడ్డ భుజం మీద అలాగే ఉంది, వేదిక మీద ఏదో కచేరీ జరుగుతున్నట్టే ఉంది గానీ వినిపించేది వీణో జూట్ మిల్లు మగ్గాలో తేలడం లేదు. ముందు వరసలో, ఎప్పుడూ కూర్చునే చోటే, కొల్లూరి భాస్కరమూర్తి గారున్నారు. ఆ మిల్లు ఆయనదే. ఈ కళామందిరమూ, పక్కన గౌరునాయుడు పనిచేసిన సైన్సు కాలేజీ కూడా ఆ కుటుంబం కట్టించినవే. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళయిందని గౌరునాయుడికి తెలుసు. తెలిసినా ఆశ్చర్యం కలగడం లేదు, ఇంత ఆలస్యంగా వచ్చానేమిటా అని సిగ్గుగా మాత్రం ఉంది.

"ఏరా, దుమ్ము దులపడానికి ఇన్నేళ్ళు పట్టిందా?"

"మోకాళ్ళు బాబూ. సెప్పిన మాట ఇనడం నేదు."

"కూర్చో. నేనూ అలిసిపోయాను. కట్టించిన ప్రతిచోటా ఫోటో పెట్టి దండ వేస్తారు. మెడ లాగేస్తోంది."

గౌరునాయుడు కూర్చోగానే కుర్చీ కాస్తా కాలేజీ ల్యాబులోని ఎత్తుపీట అయిపోతుంది, వరసలన్నీ బల్లలైపోతాయి, ఎదురుగా భాస్కరమూర్తి గారు తల్లి పేరు మీద ఇచ్చిన పెద్ద మైక్రోస్కోపు నిలబడి ఉంటుంది. దాని మీద కన్ను ఆనించి చూసే అద్దానికి ఎర్రగా, ఇంకా తడారని కుంకుమ బొట్టు. గబుక్కున గుడ్డ కప్పబోతాడు.

"దాస్తావెందుకు? చెప్పు."

"దసరాకి కాలేజీ మూసేసినాక నానొక్కణ్ణే ఆయుధపూజ సేసాను బాబూ. మిసన్లన్నిటికీ ఒంటికి బొట్టెట్టాను. దీనికి కన్నుంది గదా, కంటికే ఎట్టాలనిపించింది. మర్నాటికి ఎండిపోయింది. ఇత్తడి కుందుల్లాగే చింతపండూ బూడిదా ఏసి తోమేసాను."

"అద్దాన్నా?"

"అద్దాన్నే."

ఆయన నవ్వరు, కోప్పడరు. ఆయన వేళ్ళ మధ్య ఒక జనపనార పోగు ఉంది, ఆ పోగు ఎక్కడిదో గౌరునాయుడికి తెలుసు. పూజ అయిన మూడో రోజున, ఎవరికీ చెప్పకుండా, నలభై ఏళ్ళు తాను అమ్మిన నార లోపల ఏముంటుందో ఒక్కసారి చూడాలని ఆయన దాన్నే పట్టుకుని ల్యాబుకొచ్చారు. వంగి చూస్తే అంతా మంచు పట్టినట్టే ఉంది. శుక్లం మొదలైందని డాక్టరు అప్పటికే అన్నాడు. "నా కళ్ళు పోయాయిరా" అని మెల్లగా లేచి వెళ్ళిపోయారు. ముందు వరస కుర్చీ కళ్ళున్నవాళ్ళకెవరికైనా ఇమ్మన్నారు, మళ్ళీ ఏ నాటకానికీ ఏ కచేరీకీ రాలేదు, ఆ వేసవికి పోయారు. కాలేజీ తెరిచాక మేష్టారు పిల్లల్ని తిట్టుకుంటూ గీతలు పడిన అద్దం మార్పించారు. గౌరునాయుణ్ణి ఎవరూ అడగలేదు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"నా సొక్కాకి బొత్తాం ఊడిందని ఆ రోజు గుమ్మంలోంచే సెప్పారు గదా బాబూ."

"చెప్పాను." ఆయన పోగుని వేళ్ళ మధ్య తిప్పుతారు. "బొత్తాం చూసిన కళ్ళని నమ్మలేదు, అద్దాన్ని నమ్మాను. ఖరీదైన అద్దం కదా!"

"భక్తితో ఎట్టిన బొట్టు బాబూ. తప్పెలాగైపోద్ది?"

"బొట్టు తప్పు కాదురా. నేను గుమ్మం దాటుతుంటే నువ్వెందుకు పిలవలేదు?"

మగ్గాల చప్పుడు ఆగిపోతుంది. "బయపడ్డాను. ఉజ్జోగం పోద్దని."

"సరేలే, నా సంగతి అయిపోయింది. మా అమ్మాయి మాటేమిటి? అప్పట్లో నా కంటి ఆపరేషను వచ్చే నెల, వచ్చే నెల అని ఇందుమతే వాయిదా వేసింది. నాన్నకి లోకం కనబడకుండా చేశానని ఇప్పుడు ఊరూరా కంటి శిబిరాలు పెడుతోంది. పెట్టనీ, మంచిదే. ఏడుస్తూ పెడుతోందిరా."

గౌరునాయుడికి ఇన్నేళ్ళుగా లోపల ఉన్న మాట బయటికొస్తుంది. "నిజం సెప్తే సిబిరాలు మానేత్తారేమో బాబూ? ఎంతమందికి సూపొచ్చిందో."

"మానదు. ఏడవడం మానుతుంది."

ఆయన పోగు చాచి పట్టుకోమంటారు. గౌరునాయుడు చెయ్యి చాస్తాడు, అది అందీ అందక...

మెలకువ వచ్చేసరికి వాకిట్లో మంచం మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. గుండెల మీద శిబిరం వాళ్ళిచ్చిన చీటీ ఉంది, అడుగున ఇందుమతమ్మ గారి ఫోను నంబరు. తలకింద తడిమి, ఆవిడ శిబిరంలోనే ఇచ్చిన కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. అంకెలన్నీ ఎర్రటి మసకలో అలుక్కుపోయాయి. పొద్దున్న పైడితల్లమ్మ పటానికి బొట్టు పెట్టిన వేలే అద్దానికి తగిలినట్టుంది.

పంచె కొంగు అద్దం దాకా వెళ్ళి ఆగింది. చెంబులో నీళ్ళు అద్దం మీద పోసి, ఎరుపు దానంతటదే కరిగి జారిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు. అప్పుడు పెట్టుకుని, కోడల్ని ఫోను తెమ్మని పిలిచాడు.