డార్సీ గార్డు పెట్టె ఆగిన చోట కుడికి

మా ఊరికి దారి చెప్పడం కష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నది వంతెన దాటాలి. ఇంజన్ల షెడ్డు దగ్గర ఎడమకి తిరగాలి. ఐసు ఫ్యాక్టరీ పక్క సందులోంచి కొండెక్కితే చిట్టచివర ఆకుపచ్చ రేకుల కప్పున్న ఇల్లు మాది. ఇంజన్ల షెడ్డు కూల్చేసి చాలాకాలమైంది. ఐసు ఫ్యాక్టరీని వరద పట్టుకుపోయింది. అయితేనేం? అవి ఎక్కడుండేవో టిప్టన్ ఫోర్క్‌లో పుట్టిన కుక్కపిల్లకి కూడా తెలుసు.

కార్లీన్ టిప్టన్ ఫోర్క్‌లో పుట్టలేదన్న సంగతి మాత్రం నాకూ తట్టలేదు, ఆవిడకి ఫోనులో దారి చెప్పిన మా తమ్ముడు డార్సీకీ తట్టలేదు.

కార్లీన్‌ది ఒహాయో. అక్కడంతా బల్లపరుపు నేల. జీవితమంతా బడి బస్సు నడిపి రిటైరైంది. నా కంటి ఆపరేషనుకి డార్సీ నన్ను అక్కడి కొలంబస్ నగరానికి తీసుకెళ్లినప్పుడు, ఆస్పత్రి వరండాలో కాఫీ యంత్రం వాడి డాలరు మింగేసి ఊరుకుంది. పక్కనే ఉన్న కార్లీన్ లేచి దానికి పిడికిలితో ఒక్కటిచ్చి రెండు కప్పులు రాబట్టింది. వాడు అప్పుడే ప్రేమలో పడిపోయాడు. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఫోనులో కబుర్లు. ఈ అక్టోబరులో, మా ఊరి రైలు పండగకి, ఆవిడ మొదటిసారి వస్తానంది. భోజనాలయ్యాక పెళ్లి మాట ఎత్తాలని డార్సీ గట్టిగా అనుకున్నాడు. వాడికి అరవై దాటాయి. పొద్దున్నుంచి చొక్కాలు మారుస్తూనే ఉన్నాడు.

"అక్కా, ఆవిడ ముందు కాస్త చూసుకుని మాట్లాడు" అన్నాడు.

"నేనేం మాట్లాడతానురా?"

"అదే... ఆ పాత సంగతులు. నేను నెమ్మదస్తుణ్ణని ఆవిడ అనుకుంటోంది. అలాగే అనుకోనీ."

వాడు కార్లీన్‌కి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. బొగ్గు రైళ్ల మీద బ్రేకులు వేసే పని చేశానన్నాడు, నిజమే. ఒకసారి పెళ్లయింది, కలిసిరాలేదన్నాడు, అదీ నిజమే. మిగతావి చెప్పలేదు, అంతే. నేను నోరు మూసుకుంటానని మాటిచ్చాను. మాట మీద నిలబడ్డాను కూడా. కానీ ఊరి నోరు నా చేతిలో లేదు కదా.

పంది మాంసం ఓవెన్లో పెట్టి, చిక్కుడు గింజలు పొయ్యి మీద ఉడుకుతుండగా మొదటి ఫోను వచ్చింది. వంతెన దగ్గర పెట్రోలు బంకు నడిపే వర్జిల్. వాడి గొంతు రిసీవరు అక్కర్లేకుండానే ఇల్లంతా వినబడుతుంది.

"లవీనా! మీ డార్సీ పిల్ల వచ్చేసింది!"

"ఎక్కడుంది?"

"ఇప్పుడే బయల్దేరింది. వంతెన కాడ గిరగిరా తిరుగుతోంది పాపం. ఇంజన్ల షెడ్డు ఎంత వెతికినా కనపడట్లేదంటుంది. ఈ కొండల మధ్య ఆవిడ సెల్లు పనిచేసి చావదాయె. పెద్దవీధేమో ఊరేగింపుకి మూసేశారు. అందుకని నేనే సులువైన దారి చెప్పాలే."

"ఏం చెప్పావు?"

"డార్సీ గార్డు పెట్టె ఆగిన చోట కుడికి తిరగమన్నాను. ఏ డార్సీ అని అడిగింది. మన డార్సీయే తల్లీ అని మొదట్నుంచీ చెప్పాను. నవ్వలేక చచ్చాననుకో!"

నేను డార్సీ వంక చూశాను. వాడి గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి. అవీ బ్రేకుల్లేనివి.

సంగతేమిటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడు గూడ్సుబండి చివరుండే గార్డు పెట్టెని యార్డులో విడిగా నిలబెట్టి, చేతి బ్రేకు బిగించడం మరిచిపోయి, హాట్‌డాగ్ తినడానికి వెళ్లాడు. మాది వాలు మీదున్న ఊరు. పెట్టె తనంతట తానే బయల్దేరింది. స్టేషను దాటింది, పెద్దవీధి గేటు దాటింది, పట్టాలు అయిపోయిన చోట మర్యాదగా కిందికి దిగి మెథడిస్టు చర్చి పాస్టరుగారి కోళ్ల గూట్లోకి వెళ్లి ఆగింది. ప్రాణనష్టం కోళ్లకే. తినగా మిగిలిన హాట్‌డాగ్ చేత్తో పట్టుకుని డార్సీ దాని వెనకాల పరిగెత్తడం ఊరంతా చూసింది. ఇప్పుడా గూడూ లేదు, ఆ పాస్టరూ లేరు, ఆ పెట్టె తుక్కులోకి పోయింది. అయినా అక్కడ కుడికి తిరగాలని చెప్పాలంటే ఇంకెలా చెబుతాం?

"ఇదొక్కటే కదా, పోనీలే" అన్నాను వాడితో. "చిన్నతనం అనుకుంటుంది."

రెండో ఫోను బర్డీ చేసింది. ఏటా పండగలో చర్చి తరఫున యాపిల్ ముక్కలు కూరిన పైలు వేయించి అమ్ముతుంది. మంచి మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఎంత చక్కటి మనిషే లవీనా! చెయ్యి పట్టుకుంటే ఇనుమే! రెండు పైలు కాగితంలో చుట్టి ఇచ్చాను. దారి తప్పి మా వెనకవైపు వచ్చేసింది పాపం."

"నువ్వేం దారి చెప్పావే?"

"ఏముందీ, వాండా మా డార్సీ బట్టలు విసిరేసిన మేడ కాడ ఎడమకన్నాను. ఆ మేడేదీ అంది. కాలిపోయిందమ్మా, అయినా మా డార్సీ పొడుగులాగు వేలాడిన కరెంటు స్తంభం ఇంకా అక్కడే ఉంది, దాన్ని చూసుకుని తిరుగు అన్నాను."

వాండా అంటే డార్సీ మొదటి పెళ్లాం. ఒక రైలు పండగనాడు, కింద ఊరేగింపు నడుస్తుండగా, మేడ కిటికీలోంచి వాడి బట్టలన్నీ ఒక్కొక్కటే విసిరేసి, చర్చి పియానో శ్రుతి చేసేవాడి కారెక్కి వెళ్లిపోయింది. ఒక మేజోడు బ్యాండువాళ్ల పెద్ద బాకాలో పడింది. అంత మంచి ఊరేగింపు మళ్లీ జరగలేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

డార్సీ కుర్చీలో కూలబడ్డాడు. "అక్కా, నాకో ఉపకారం చెయ్యి. నేను చచ్చిపోయానని చెప్పు."

"చెప్పినా లాభం లేదురా. చచ్చిన చోటు కాడ ఎడమకి తిరగమని చెబుతారు."

"నేనే వెళ్లి తీసుకొస్తాను."

"దేంట్లో? నీ ట్రక్కు ఊరేగింపులో గడ్డిబండి లాగుతోంది."

మూడో ఫోను మంగలి ఎల్వుడ్‌ది. వాడు హలో కూడా అనలేదు. "మీ చుట్టం నా కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి వెళ్లింది. బాగా దగ్గరకొచ్చేసింది. డార్సీ ఎన్నికల ఆఫీసు దాటి ఎగువకి పొమ్మన్నాను."

"ఆ ఆఫీసు ఎక్కడుందిరా? అక్కడ గడ్డి కదా మొలిచింది!"

"అందుకేగా, గడ్డి మొలిచిన చోటని విడమరిచి చెప్పాను. మేయరు పదవికి నిలబడి చిత్తుగా ఓడిపోయాడని కూడా చెప్పాను."

"మా అమ్మ సంగతి చెప్పలేదు కదా?"

"అది చెప్పకపోతే కథేముంది?"

ఆ ఎన్నికలయ్యాక మా అమ్మ చర్చి మెట్ల మీద నిలబడి, అవతలివాడికే ఓటేశానని అందరికీ వినబడేలా ప్రకటించింది. "పెట్టెకి బ్రేకు వెయ్యలేనివాడికి ఊరెలా అప్పగిస్తాను?" అంది. అమ్మ అంతే. కన్నకొడుకైనా కనికరం లేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఎల్వుడ్, నీకు బుద్ధుందా? ఊళ్లో ఉన్నవి చూపించి దారి చెప్పలేవా? లేనివన్నీ ఏకరువు పెట్టాలా?"

ఎల్వుడ్‌కి కోపమేమీ రాలేదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు.

"ఉన్నవంటే ఏం చెప్పమంటావు లవీనా? ఏమున్నాయని?"

ఫోను పెట్టేశాను.

ఆ తర్వాత ఫోను మోగలేదు. బొగ్గు రైలొకటి ఊళ్లో ఆగకుండా వెళ్లిపోయింది. కింద బ్యాండు మోత సద్దుమణిగింది. మాంసం చల్లారింది, మొక్కజొన్న రొట్టె అంచులు గట్టిపడ్డాయి. డార్సీ లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా విప్పేసి, రోజూ వేసుకునే గళ్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలెట్టాడు.

"వెళ్లిపోయుంటుంది అక్కా. తప్పులేదు. నేనైనా వెళ్లిపోయేవాణ్ణి."

వాడితో జీవితమంతా పోట్లాడుతూనే ఉన్నాను. కానీ వాడలా మూతలు పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. వాడికి ఇంకొకళ్లు దొరకరు. నేనేమో ముసలిదాన్నవుతున్నాను. ఈ ఇంట్లో వాడొక్కడే మిగిలిపోతాడేమోనని నాకెప్పుడూ భయమే.

కొండ మలుపులో కారు గేరు మార్చిన చప్పుడు వినిపించింది. ఎత్తెక్కడం అలవాటు లేని కారు రొప్పుతూ వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. వెనక సీటు నిండా యాపిల్ పైలు, పచ్చళ్ల జాడీలు, కాగితంలో చుట్టిన రొట్టెలు. ఊళ్లో ఆవిడ దారి అడిగిన వాళ్లందరూ ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపారు. కార్లీన్ దిగింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి.

"లవీనా మీరేనా?" అంది. "బాత్‌రూమ్ ఎక్కడండీ? ఒకప్పుడు ఎక్కడుండేదో వద్దు, ఇప్పుడెక్కడుందో చెప్పండి."

నేను చూపించాను. ఆవిడ లోపలికెళ్లగానే డార్సీ పెరటి తలుపు వైపు నడవబోయాడు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగి కుర్చీలో కూర్చోబెట్టాను.

కార్లీన్ వచ్చి వాడి ఎదురుగా కూర్చుంది. పళ్లెం నిండా మాంసం, గింజలు, రొట్టె వడ్డించాను. ఆవిడ మొహమాటం లేకుండా తిన్నది. ఆరు మైళ్ల ఊళ్లో అరవై మైళ్లు తిరిగినదానిలా తిన్నది. డార్సీ పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు, ముద్ద ముట్టలేదు.

"కోళ్లు ఎన్ని పోయాయి?" అని అడిగింది చివరికి.

"తొమ్మిది" అన్నాడు డార్సీ తలెత్తకుండా. "డబ్బు కట్టేశాను."

"మీ అమ్మగారు ఎవరికి ఓటేశారో మీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉండేది."

కార్లీన్ పకపకా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు మాత్రం ఇంకా కుంచించుకుపోయాడు. "మీకు చెబుదామనే అనుకున్నాను. చెబితే మీరు రారేమోనని..." అని నసిగాడు.

"అవి నవ్వే సంగతులు. నవ్వాను, అయిపోయింది" అంది కార్లీన్. చేతిలో ఫోర్కు కింద పెట్టింది. "ఆఖరికి స్టేషనులో ఆగి దారి అడిగాను. ఇప్పుడక్కడున్న మ్యూజియంలో కూర్చుంటాడే, ఆ పెద్దాయన."

"రఫస్" అన్నాను నేను. రఫస్ ఎవరికీ ఫోను చెయ్యడు. అందుకే మాకు కబురు రాలేదు.

"ఆయన నన్ను ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్లాడు. డార్సీ వాళ్లమ్మని కూర్చోబెట్టుకున్న బెంచీ ఇక్కడుండేది, ఇక్కడ నిలబడి తిన్నగా పైకి చూడు, వాళ్లిల్లు కనబడుతుంది అన్నాడు. కనబడింది. పొద్దున్నుంచి నేను వెతుకుతున్న ఆకుపచ్చ రేకులు. బెంచీ కథేమిటని అడిగితే చెప్పాడు."

మా అమ్మకి చివర్లో మతి నిలకడ తప్పింది. నాన్న పాసింజరు బండి ఇంజను డ్రైవరు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది, ఆ పాసింజరు కూడా ఆగిపోయింది. అమ్మ మాత్రం సాయంత్రమయ్యేసరికి తల దువ్వుకుని, మీ నాన్న బండి వచ్చే వేళయింది పద అనేది. నేను ఆస్పత్రి లాండ్రీలో సాయంత్రం డ్యూటీలో ఉండేదాన్ని. డార్సీ ఆవిడని స్టేషనుకి తీసుకెళ్లేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు. ఇంట్లో పనుల్లో అదీ ఒక పని అనుకునేదాన్ని, అంతకుమించి ఎన్నడూ ఆలోచించలేదు.

"నాలుగేళ్లట" అంది కార్లీన్. "వానొచ్చినా, మంచు పడినా. ప్రతి ఆదివారం గంటల తరబడి మాట్లాడుకున్నాం కదా. గార్డు పెట్టె దాచారు, సరే. లాగు దాచారు, సరే. ఇదెందుకు దాచారు?"

డార్సీ మొదటిసారి తలెత్తి చూశాడు. వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

"దాచలేదండీ. అందులో చెప్పడానికేముంది? బండి లేటమ్మా అనేవాణ్ణి. కూర్చునేవాళ్లం."

"రోజూనా?"

"రోజూ అడిగేది మరి."

కార్లీన్ చేతిగుడ్డతో మూతి తుడుచుకుంది, తర్వాత కళ్లు తుడుచుకుంది. లేచి తన కుర్చీ ఎత్తి తెచ్చి వాడి పక్కన వేసుకుని కూర్చుంది.

"నన్ను ఏదో అడగాలనుకుంటున్నావట" అంది. "ఊళ్లో నలుగురైదుగురు చెప్పారు."

డార్సీ నా వంక కోపంగా చూశాడు. నేను ఒక్క బర్డీకే చెప్పాను. వాడు కార్లీన్ వైపు తిరిగి నోరు తెరిచాడు. పొద్దున్నుంచి అద్దం ముందు వల్లించిన మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు, మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. వాడి తరఫున నేనే అడిగేద్దామని లేవబోయాను.

కార్లీన్ నన్ను చేత్తోనే వారించి, వాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"లేటైతే లేటయిందిలే" అంది. "నేను కూర్చుంటాను."