రేపటి సంతకం

“ఆ మోకు ఇవాళ తెగుద్ది, చూస్తుండు. పోగులు పోగులుగా లేచిపోయింది. దాని పక్కన నిలబడకురా, నీకు దణ్ణం పెడతాను!”

జెట్టీ క్యాంటీన్‌లో వంట చేసే బల్జాన్ టీ పోస్తూ అంది. కొడుకు ఓరాజ్‌ది రేవుకొచ్చే ఓడల్ని ఇనుప గుంజలకు కట్టే పని.

“పొద్దున్నే నీ నోట్లో ఎవరో ఒకరు చావాల్సిందేనా అమ్మా,” అని వాడు నవ్వి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కాస్పియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి రేగింది. ఓడ ఒక్క ఊపు ఊగింది. మోకు తెగి కొరడాలా వెనక్కి కొట్టింది. దెబ్బ తిన్నది ఓరాజ్ పక్కనున్న జట్టువాడు కువానిష్. మోకాలి కింద ఎముక బయటికొచ్చింది. ‘నా బిడ్డ కాదు’ అనుకుంది బల్జాన్. అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

కువానిష్‌ను ఆస్పత్రికి పంపి గంట కాలేదు. రేవు అధికారి కాసిమోవ్ భద్రతా రిజిస్టరు పట్టుకుని క్యాంటీన్‌కు వచ్చాడు. జట్టులో మిగిలిన పన్నెండు మందీ అక్కడే ఉన్నారు.

“మోకు పక్కన నిలబడొద్దని పొద్దున్నే చెప్పాం. విన్నానని కువానిష్ సంతకం పెట్టాడు. తప్పు వాడిదే. మీరంతా సాక్షి సంతకాలు పెట్టండి.”

బల్జాన్ తొంగి చూసింది. ఇవాళ తొమ్మిదో తేదీ. కువానిష్ సంతకాలు ముప్పయ్యో తేదీ దాకా ఉన్నాయి. చలిగాలిలో రోజూ వరుస కట్టలేక, ఒకటో తేదీనే నెలంతటికీ గీకేయడం జట్టుకు అలవాటు. అసలు జాగ్రత్తలు చెప్పిందెవరు గనక!

“రేపటి పాఠం కూడా ఇవాళే విన్నాడే!” అన్నాడు ముసలి తోలెగెన్. “చెవులు పొడుగులే వాడికి.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు నిలవలేదు.

“మన మెడకి మనమే ఉరి తగిలించుకున్నాం, మామా,” అన్నాడు ఓరాజ్. “కొత్త మోకు అడిగి నాలుగు నెలలైంది, రాలేదు. ఈ రిజిస్టరు మాత్రం ఒక్క నెలా తప్పలేదు!”

“మోకు సంగతి తర్వాత,” కాసిమోవ్ బల్ల మీద పెన్ను విసిరాడు. “బయట ఇంకో ఓడ ఆగి ఉంది. సంతకం పెట్టనోడు గేటు దాటి పోవచ్చు. ఊళ్లో పని లేనోళ్లకి కరువా? చెప్పండి, ఆ ఓడని ఎవరు కడతారు?”

టీ గిన్నె మీద మూత టకటకలాడుతోంది. ఒక్కరూ పెన్ను ముట్టలేదు. మొదట మాట్లాడినవాడి పనే మొదట పోతుందని అందరికీ తెలుసు. ఓరాజ్ దవడ బిగిసింది. వాడు నోరు తెరవబోతున్నాడు. వాడి పేరే రాసుకుంటారు. బల్జాన్ కొడుకుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

“ఆ ఓడని ఎవరూ కట్టరు,” అంది.