విగ్రహం గోతిలో గాడిద

వదిన విగ్రహానికి పునాది వేసే రోజు ఏదో కీడు జరిగి తీరుతుందని ఆ తల్లి పొద్దుటి నుంచీ అంటూనే ఉంది. షామియానా కూలుతుందంది. మైకు షాకు కొడుతుందంది. సభలో మాట్లాడబోయే కూతురికి కళ్లు తిరుగుతాయేమోనని సంచిలో పంచదార పొట్లం పెట్టుకుంది. గాడిద సంగతి మాత్రం ఆవిడకు తట్టలేదు.

వదినంటే భర్తకు అక్క. వార్డు మెంబరుగా ఉన్నన్నాళ్లూ, కుళాయి రాని వీధి కోసం కమిషనరు గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. కౌన్సిల్ సమావేశానికి చేతిసంచిలో కుక్కపిల్లను తీసుకెళ్లి, అది మధ్యలో కుయ్యిమంటే, “ప్రతిపక్షం అడుగుతోంది, జవాబు చెప్పండి” అన్న మనిషి. ఆవిడ పోయాక, దెబ్బతిన్న జంతువులను మోసే వ్యాను మేనకోడలి చేతికొచ్చింది. అప్పటి నుంచీ ఫోను మోగితే చాలు, ఈ తల్లి గుండె గుభేలుమంటుంది.

చైర్మన్ గారు “ఆ మహాతల్లి...” అని గొంతు సవరించుకున్నారో లేదో, వెనక ధబ్బుమని చప్పుడు. ఇటుకలు దించి వెళుతున్న చూడి గాడిద, విగ్రహం కోసం తవ్విన నిలువెత్తు గోతిలో పడింది. జనం కుర్చీలు తన్నుకుంటూ పరిగెత్తారు. తల్లి తేరుకునేలోపే కూతురు చెప్పులు విడిచి గోతిలోకి జారిపోయింది.

“అయిపోయింది! ఒక్క తన్ను తంతే నా పిల్ల అయిపోతుంది! ఎక్కవే పైకి!”

“అరవకమ్మా, అది బెదురుతోంది!”

“నేను బెదరట్లేదూ?”

మేస్త్రి తాడు పట్టుకొచ్చాడు. “మెడకు వేసి అందరం ఒక్క గుంజు గుంజుదాం!”

“వద్దు! కడుపుతో ఉంది!” అంటుండగానే గాడిద వెనక కాళ్లు ఝాడించింది. కూతురు గోతి గోడకు అతుక్కుపోయింది.

తల్లి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ క్షణంలోనే వదిన గొంతు చెవిలో పడ్డట్టయింది. ఒకప్పుడు మురుగు కాలువ కోసం తవ్విన గుంటలో దూడ పడితే వదిన తాడు ముట్టుకోనివ్వలేదు. “లాగొద్దు. దాని కాళ్ల కిందికి నేలను పంపండి” అంది. అప్పుడు గట్టున నిలబడి, భయంతో రెప్ప వెయ్యకుండా చూసింది ఈవిడే.

“తాడు అవతల పారెయ్యి మేస్త్రీ! తవ్విపోసిన మట్టంతా లోపలికి తొయ్యండి! పిల్ల వైపు కాదు, ఆ మూల నుంచి!”

“ఒళ్లు హూనం చేసుకుని తవ్వానండీ!”

“నా కూతురు పైకొచ్చాక ఏడుద్దువుగాని, తొయ్యి!”

పారలు లేచాయి, తట్టలు లేచాయి. చైర్మన్ గారు బూటుకాలితో మట్టి తన్నబోతే, “వాళ్ల కళ్లలో పడుతుందండీ, చేత్తో తొయ్యండి!” అని కసిరింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని తోశారు.

“మెంబరమ్మ ఉంటే ఈపాటికి మనల్ని తిట్టి చంపేది!” అన్నారెవరో.

“ఈవిడ తక్కువ తిడుతోందా?”

లోపల కూతురు మట్టిని తొక్కి గట్టిచేస్తోంది. గాడిద ఒక్కో అడుగూ దాని మీదికి ఎక్కుతోంది. చెవులు కనిపించాయి. మెడ కనిపించింది. చివరికి అది ఒక్క ఉదుటున గట్టెక్కి, తిన్నగా మైకు ముందుకెళ్లి ఓండ్ర పెట్టింది. జనం ఈలలు, కేకలు. వెనకే కూతురు పైకొచ్చింది, పళ్లు తప్ప ఒళ్లంతా మట్టే.

“ఇంతకంటే నేనేం మాట్లాడినా దండగే” అన్నారు చైర్మన్ గారు, చేతులు దులుపుకుంటూ. “మరి విగ్రహం?”

“మళ్లీ తవ్వమంటే నా వల్ల కాదండీ” అన్నాడు మేస్త్రి.

తల్లికి ఇవేవీ పట్టలేదు. కూతురి చేతులూ కాళ్లూ తడిమి చూసుకుంది. చెంపదెబ్బ కొట్టబోయి, గాడిద వైపు చూసి ఆగిపోయింది.

“అదేమిటే, అలా వణుకుతోంది? కడుపులో పిల్లకేమన్నా అయిందేమో! ఆస్పత్రికి పద!”

“తీసుకెళ్తున్నా. నువ్వింటికెళ్లు.”

“ఇంటికా? నువ్వు వ్యాను నడుపుతుంటే వెనక అది ఈనేస్తే ఎవరు చూస్తారు? జరుగు!” అని ఆవిడ గాడిద పక్కన ఎక్కి కూర్చుని, దాని పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల ఏదో కదిలింది.

“ఒసేయ్, తంతోందే!” అని కేక పెట్టింది. “తొందరగా పోనీ... వద్దొద్దు, మెల్లగా పోనీ!”